చెక్‌పోస్టు గదిలో చిన్నోడు

కొండ మీద పాత చెక్‌పోస్టు గది ఉంది చూశారూ... దాని పేరెత్తితే లారీ డ్రైవర్లు తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేస్తారు.

నాకెలా తెలుసంటారా? నాది లాండ్రీ కొట్టు. సరిహద్దు దాటి సరుకు తోలే డ్రైవర్లలో సగం మంది బట్టలు నా దగ్గరే పడేస్తారు. బట్టలతో పాటు కబుర్లూ పడేస్తారు. మరకలైనా వదులుతాయి గానీ వీళ్ళ కబుర్లు వదలవు.

కొండ కింద సొరంగం తవ్వక ముందు బళ్ళన్నీ పైకెక్కి దిగాల్సిందేనట. పైన చెక్‌పోస్టులో కాగితాలు చూసి వదిలేసరికి గంటలు పట్టేదట. పక్కనే ఒక గది, గదిలో ఒక ఆయా. చలికి పసిపిల్లలు వణికిపోతుంటే తల్లులు తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టేవాళ్ళు. పొయ్యి ముందు ఒళ్ళో వేసుకుని కూర్చునేది. ఒక రాత్రి మంచు కురుస్తోంది... పొయ్యి ఆరిపోయింది... ఆవిడకి చిన్న కునుకు పట్టింది...

ఒళ్ళో బిడ్డ మరి లేవలేదు.

ఆ దిగులుతో ఆ ఏడే ఆవిడా పోయింది. తర్వాత సొరంగం వచ్చింది, చెక్‌పోస్టు కిందికి మారింది, గదికి తాళం వేసే దిక్కు కూడా లేకుండా పోయింది. కానీ చీకటి పడ్డాక పసిబిడ్డతో ఎవరైనా అటుగా వెళ్తే— చెవి పక్కనే ఒక గొంతు.

"ఇలా ఇవ్వమ్మా... వెచ్చగా ఉంచుతాను..."

విన్నవాళ్ళు ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదట. బిడ్డని గుండెకి హత్తుకుని పరుగో పరుగు.

నేను దెయ్యాల్ని నమ్మను. ఇరవై ఏళ్ళుగా ఇస్త్రీ పెట్టె ముందు నిలబడ్డదాన్ని, నన్ను భయపెట్టాలంటే కరెంటు పోవాలి, అంతే. అయినా మా చెల్లెలూ మరిదీ ఆ వైపే బయల్దేరుతున్నారని తెలిశాక చెప్పకుండా ఉండలేకపోయాను. నా నోరు అలాంటిది.

మా మరిది బేకరీలో రొట్టెలు చేస్తాడు. అతని గురువు ముసలితనంలో కొట్టు మూసేస్తూ ఒక జాడీ తెచ్చి చేతిలో పెట్టాడు. అందులో ఉన్నది పులిసిన పిండి. పెరుగుకి తోడెలాగో ఆ రొట్టెలకి ఆ పిండి అలాగ. రోజూ కాస్త తీసి వాడుకోవాలి, తీసినంత కొత్త పిండీ నీళ్ళూ పోయాలి. అలా ఇరవై మూడేళ్ళుగా చావకుండా పొంగుతూనే ఉంది. దానికి వాళ్ళిద్దరూ పెట్టుకున్న పేరు చిన్నోడు.

"చిన్నోడికి పెట్టావా?" "చిన్నోడు ఇవాళ నీరసంగా ఉన్నాడే." ఇవీ ఆ ఇంట్లో మాటలు. పెళ్ళైన కొత్తలో ఫోన్లో విని, నాతో మాటైనా చెప్పకుండా ఎవర్నో పెంచుకుంటున్నారని వారం రోజులు మా చెల్లెలితో మాట్లాడలేదు నేను.

అలాంటిది, అతను పనిచేసే బేకరీ మూతపడింది. తొమ్మిది నెలలు ఖాళీ. చివరికి చలి దేశంలో ఒక బేకరీ యజమానురాలి దగ్గర్నుంచి కబురొచ్చింది. "సోమవారం పొద్దున్నే వచ్చెయ్యి. నీ పిండితో సాయంత్రానికి ఒక్క వాయి కాల్చి చూపించు. పొంగితే ఉద్యోగం, పైన ఉండటానికి గది. పొంగకపోతే నీ దారి నీది."

ఇంకేముంది, ఇల్లు ఖాళీ చేశారు, మంచం దగ్గర్నుంచి అమ్మేశారు. పిండి చల్లబడితే నిద్రపోతుందట, గడ్డకడితే ఇక లేవనే లేవదట. అది లేవకపోతే వీళ్ళిద్దరూ వెనక్కొచ్చి నా కొట్లో మాసిన బట్టల మూటల మీద పడుకోవాల్సిందే.

"ఎండబెట్టి పొట్లం కట్టుకుని హాయిగా విమానమెక్కొచ్చు కదయ్యా" అన్నాను.

మా మరిది నావైపు అదోలా చూశాడు. "మీ చెల్లెల్ని ఎండబెట్టి పొట్లం కడతారా వదినా?"

పోనీ జాడీతోనే ఎక్కమంటే, మూత గట్టిగా బిగించాలన్నారట విమానం వాళ్ళు. బిగిస్తే జాడీ పేలుతుందట. కాబట్టి కారులోనే ప్రయాణం. అయిదు రోజులు. సెకండ్ హ్యాండ్ కారు, డొక్కుది.

ఇక మొదలైందండీ ప్లాను! నోటు పుస్తకం, స్కేలు, రెండు రంగుల పెన్నులు. నీలం పెన్నుతో పెట్రోలు పోయించుకునే చోట్లు. ఎర్ర పెన్నుతో చిన్నోడి భోజనం వేళలు, ఆరు గంటలకోసారి. పుస్తకం అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి అడిగాను, "మరి మీ ఇద్దరూ ఎక్కడ తింటారు?"

"దారిలో చూసుకుంటాం లెండి వదినా."

తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. వాదించి లాభం లేదు. "సరే, ఏం చేసినా ఆ కొండ మాత్రం ఎక్కకు" అని గది సంగతి మొత్తం చెప్పాను. చెప్తుంటే అతని మొహంలో రంగు దిగిపోయింది. మనిషి ఆరడుగులున్నాడు గానీ వట్టి పిరికి. వెంటనే పుస్తకం చూసుకున్నాడు. "ఆదివారం సాయంత్రం ఆరింటికి సొరంగం దాటేస్తాం. కొండ ప్లాన్లో లేదు వదినా." ప్లాన్లో లేకపోతే దెయ్యం కూడా రాదన్నంత ధీమా!

తర్వాత జరిగింది మా చెల్లెలు చెప్పిందే చెప్తున్నాను. నా సొంతం ఒక్క ముక్క కలపలేదు.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. అయిదో రోజు సాయంత్రం ఆరింటికి సరిగ్గా సొరంగం ముందు ఉన్నారు. సొరంగానికి అడ్డంగా కర్ర. పక్కన బోర్డు. మరమ్మతులు... రేపు మధ్యాహ్నం దాకా మూసివేత.

మా మరిది పుస్తకం తీశాడు. చూశాడు. మూసేశాడు. స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

"రేపు మధ్యాహ్నమైతే ఉద్యోగం పోయినట్టేగా?" అంది మా చెల్లెలు.

"పోయినట్టే."

"అయితే ఇంకేం చూస్తారు, ఎక్కించండి కొండ."

మా చెల్లెలి సంగతి మీకు చెప్పలేదు కదూ. చీమ కుట్టినా, పిడుగు పడినా దానికి చలనం ఉండదు. తల ఎక్కడ ఆనిస్తే అక్కడే నిద్ర. కనపడిన ప్రతి పెద్దావిడా దానికి పిన్నిగారే.

ఎక్కారు. సగం దూరంలో కార్లో హీటరు టప్ మని ఆగింది. వేడి చూసే పుల్ల ఒకటి జాడీలో గుచ్చి ఉంచుతాడు మా మరిది. ఇక ప్రతి మలుపులోనూ అది చదవడమే పని.

"ఇరవై రెండు... పంతొమ్మిది... పద్నాలుగు... ఓసేయ్, పదకొండే!"

మా చెల్లెలు తన శాలువా తీసి జాడీకి చుట్టింది. అతని స్వెట్టరు విప్పించి దాని మీద చుట్టింది. ఒళ్ళో పెట్టుకుని, మీదికి వంగి కూర్చుంది. ఇంతలో మంచు. ముందు పొడి పొడిగా... తర్వాత గుప్పెళ్ళతో విసిరినట్టు... చివరికి ముందున్న దారి కూడా కనిపించలేదు. బండి ఆపక తప్పలేదు.

లైట్ల వెలుగు ఎదురుగా ఒక గోడ మీద పడింది. గోడకి తలుపు... తలుపు ఓరగా తెరిచి ఉంది.

"ఇది... అదేనా?" అన్నాడు మా మరిది.

"అదే అయ్యుంటుంది. పదండి, గాలైనా తగలదు."

"నేను రాను!"

"చిన్నోడు ఎంతలో ఉన్నాడు?"

చూశాడు. తొమ్మిది. నోరు మూసుకుని దిగాడు.

లోపల చీకటి. టార్చి వెలుగులో ఒక పాత ఇనప పొయ్యి, కాలు విరిగిన కుర్చీ, అంతే. పొయ్యిలో పుల్ల లేదు, బూడిద కూడా లేదు. బాటిల్లో నీళ్ళు అప్పటికే పలకలు కడుతున్నాయి. ఇద్దరూ గోడకి ఆనుకుని కూర్చున్నారు, జాడీ మా చెల్లెలి ఒళ్ళో, దాని చేతుల మధ్య. టార్చి కాసేపు వెలిగింది... మినుకు మినుకుమంది... ఆరిపోయింది.

"ఏడు" అన్నాడు మా మరిది, అగ్గిపుల్ల వెలుగులో వేడి చూసే పుల్ల చదివి. "అయిపోయిందే. మా గురువుగారికి ఏం మొహం చూపిస్తాను?" అని నిజంగానే ఏడ్చాడట.

అప్పుడు—

"ఇలా ఇవ్వమ్మా..."

చెవి పక్కనే.

"...వెచ్చగా ఉంచుతాను."

మా మరిదికి పై ప్రాణాలు పైనే పోయాయి. మా చెల్లెలి చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. గబగబా ఏదో గొణుగుతున్నాడు. దేవుడి పేరనుకున్నారా? కాదు— "పిండి కిలో, ఉప్పు ఇరవై గ్రాములు, నీళ్ళు ఏడొందలు..."

మా చెల్లెలు మాత్రం చీకట్లోకి చూసింది. "అమ్మయ్య, ఉన్నారా పిన్నిగారూ! కాస్త పట్టుకోండి, నా చేతులు కొయ్యబారిపోయాయి."



"...ఇస్తావా?" అంది ఆ గొంతు. ఇన్నేళ్ళలో ఎవరూ ఇచ్చుండరు కదా, నమ్మలేకపోయినట్టుంది.

"ఇవ్వక? రేపు వీడు లేవకపోతే మాకు దిక్కు లేదండి. మూత మాత్రం బిగించకండి, ఊపిరాడదు."

"...మూతా?"

"ఆకలికి ముడుచుకుపోతే రెండు చెంచాల పిండి వెయ్యండి. సంచీ పక్కనే పెట్టాను."

"...పాలు?"

"పడవండి."

బయట గాలి... లోపల మా మరిది పళ్ళు కొట్టుకునే చప్పుడు...

"ఎన్నో నెల?"

"ఇరవై మూడేళ్ళండి."

ఈసారి గాలి కూడా ఆగిపోయిందట.

"కాళ్ళూ చేతులూ...?"

"అవేం లేవండి."

"అయ్యో..." అంది ఆ గొంతు. "అయ్యో నా తండ్రీ..."

మా చెల్లెలి చేతుల్లో బరువు తగ్గింది. అది హమ్మయ్య అనుకుని, మొగుడి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది! దానికేం, ఎక్కడైనా పడుకుంటుంది. మా మరిది మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని తెల్లారేదాకా పిండీ ఉప్పూ లెక్క చదువుతూనే ఉన్నాడు. మధ్యలో ఎక్కడో సన్నగా జోలపాట వినపడిందంటాడు. నేనైతే ఆ ముక్క నమ్మలేదు.

నాలుగు దాటాక మంచు తగ్గింది. మా చెల్లెలు లేచి చూసేసరికి జాడీ ఆ చల్లటి పొయ్యి మీద ఉంది. శాలువా పొత్తిళ్ళలాగా చక్కగా చుట్టి ఉంది. ముట్టుకుంటే, నిద్రలేచిన పసివాడి ఒళ్ళంత వెచ్చగా ఉంది. పిండి మూత దాకా పొంగి, బుడగలు బుడగలుగా ఊపిరి తీస్తోంది. పిండి సంచీ మూతి ఎవరో విప్పి మళ్ళీ మడత పెట్టారు.

మా మరిది జాడీ లాక్కుని కార్లోకి ఒక్క గెంతు గెంతాడు. మా చెల్లెలు గుమ్మంలో నిలబడి, "ఉంటాం పిన్నిగారూ, ప్రాణం నిలబెట్టారు" అని చెప్పే కదిలింది.

జవాబు రాలేదట.

సోమవారం సాయంత్రం వాయి పొంగింది. అలా ఇలా కాదు, యజమానురాలు పొయ్యి తలుపు తీసి నోరెళ్ళబెట్టింది. ఉద్యోగం ఇచ్చింది, పైన గది తాళం ఇచ్చింది.

ఇదంతా బుధవారం పొద్దున ఫోన్లో చెప్పింది నాకు. విని విరగబడి నవ్వాను.

"ఓసి వెర్రిమొహమా! రోడ్డు పనివాళ్ళకి వంట చేసే ఆవిడ ఎవరో అక్కడ తలదాచుకుని ఉంటుంది. ఇంకో మూల పడుకుని ఉంటుంది, మీకు చీకట్లో కనపడలేదు. పాపం మిమ్మల్ని చూసి జాలిపడి, జాడీ తన దుప్పట్లో పెట్టుకుంది. అంతే!"

"అంతేనంటావా అక్కా?"

"అంతే! పొద్దున్నే పనికి వెళ్ళిపోయి ఉంటుంది. దెయ్యమట, జోలపాటట! నీ మొగుడు సరేసరి, నీ బుద్ధేమైందే?"

లాండ్రీ మిషన్ల మధ్య బతికేదాన్ని, నా గొంతు మామూలుగానే పెద్దది. ఆ ఉత్సాహంలో ఇంకో నాలుగు రెట్లు పెంచి ఉంటాను. మా చెల్లెలికి ఉద్యోగం, గూడు దొరికాయన్న సంతోషం కూడా ఉంది కదా మరి. "చిన్నోడు ఎలా ఉన్నాడే? అక్కడి చలికి తట్టుకుంటున్నాడా?" అని అరిచాను.

"బంగారంలా ఉన్నాడక్కా. రెండు రాత్రులుగా మేం లేచి పిండి పెట్టకుండానే—"

అప్పుడు వినపడింది. మా చెల్లెలి గొంతు కాదు. ఫోనులోంచే, కానీ నా చెవి పక్కనే ఉన్నట్టు...

"కాస్త మెల్లిగా మాట్లాడమ్మా... వాడిప్పుడే పడుకున్నాడు."

కొట్లో మిషన్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి. ఇస్త్రీ పెట్టె కింద ఎవరిదో చొక్కా కాలిన వాసన వస్తోంది. "ఏంటక్కా, మాట్లాడవేం?" అంటోంది అటు మా చెల్లెలు.

నేను గొంతు బాగా తగ్గించి, "అలాగేనండి పిన్నిగారూ" అన్నాను.