దగ్గు లేని సాక్ష్యం

మూలంలో ఏదీ మారకుండా ఆపే రాతకట్టు బిగించి, చెవి వెనక అతుక్కుని విన్నదంతా దాచుకునే యోబు చెవినీడకు నకలు తీసింది సలోమి. మూలానికీ నకలుకూ జాడసంఖ్య ఒక్కటే వచ్చింది, అంటే పిసరంత తేడా లేదు. సైబర్ ఫోరెన్సిక్స్ ఎమ్మెస్సీలో ఆఖరి పరీక్ష ఇదే: నిజం కేసు, నిజం ముద్దాయి. ఆమె బొటనవేలు పడితే సాక్ష్యం తీర్పరికి చేరుతుంది. ఆ యంత్రం తిరిగి ప్రశ్న వేయదు. మిరప యార్డు ముఠా కూలీ యోబు ఇక బయటి వెలుగు చూడడు.

స్పీకరు పెట్టింది. బస్తాలు ధబీమని పడుతున్న చప్పుడు, మధ్యలో యోబు గొంతు: "గోడౌనుకి నిప్పెడతా. కాపలావోడు లోపలుంటే వాడి ఖర్మ." పక్కవాడెవడో నవ్వాడు.

మళ్లీ విన్నది. ఏదో వెలితి.

"ఏమ్మా, ఎంతసేపు నానబెడతావు? వేలెయ్యి," అన్నారు పక్క బల్ల దగ్గర పరీక్ష చూస్తున్న భ్రమరాంబ మేడం.

"ఎవరూ దగ్గట్లేదండి."

"ఏంటీ?"

"మిరప యార్డండి మేడం. మా నాన్న ఆ ముఠాలో మోసి మోసే పోయాడు. అక్కడ బస్తా కదిలితే దేవుడైనా దగ్గాల్సిందే. వీళ్లేమో పెళ్లిపందిట్లో కూచున్నట్టు మాట్లాడుకుంటన్నారు."

మేడం నవ్వబోయి ఆగారు. "మళ్లీ పెట్టు."

"గోడౌనుకి నిప్పెడతా" అని, ఈసారి యోబు దగ్గాడు.

సలోమి జాడసంఖ్య చూసింది. రెండూ ఒక్కటే. రాతకట్టు బిగించింది బిగించినట్టే ఉంది.

మేడం చెయ్యి తన చెవి వెనక్కి పోయి, అక్కడున్న చెవినీడను తాకి, కాలినట్టు వెనక్కి వచ్చింది. "దగ్గాడుగా," అన్నారు. "వేలెయ్యి తల్లీ. నీ మేలుకే చెబుతన్నా."

సలోమి మరోసారి విన్నది. రెండు పొడి దగ్గులు, వెనకాలే ఈల లాంటి ఊపిరి, "యేసయ్యా" అనబోయి మింగిన మాట. అది యోబు దగ్గు కాదు. నాన్నది. ఆఖరి రోజుల్లో ఆ మంచం పక్కన ఉన్నది తనొక్కతే. తనూ, తన చెవి వెనక నీడా.

నోటిదాకా వచ్చిన మాటను పళ్ల బిగువున ఆపుకుంది. పైకి అంటే నీడ వింటుంది, ఆ దగ్గూ మారిపోతుంది.

బల్ల కింది నుంచి మౌనసంచి తీసింది. అందులో పడ్డదానికి లోపలికి మాట పోదు, బయటికి రాదు. సీలు వేసిన వస్తువును మనిషి చేత్తో విప్పి చూసేదాకా కేసు కదలకూడదన్నది పాత నియమం. దాన్ని కొట్టెయ్యడం అందరూ మరిచారు.

తన చెవినీడను గోళ్లతో పీకింది. నెత్తురు మెడ మీదికి జారింది. దాన్ని సంచిలో వేసి, సీలు నొక్కి, పైన యోబు కేసు నంబరు రాసింది.

తెర మీద యోబు పేరు పక్కన దీపం ఎర్రబడి ఆగింది.

మేడం సొరుగులోంచి ఇంకో మౌనసంచి తీసి, దాని మూతి విప్పి పట్టుకుని, రెండో చెయ్యి తన చెవినీడ మీద ఆన్చి, అలాగే కూర్చున్నారు.