ఊరు తిరిగొచ్చిన వ్యాసం

బుడమేరు వరద మూడోసారి బెజవాడ వీధుల్లోకొచ్చి పోయిన మరుసటి ఏడు సంగతి ఇది. అప్పటికి కంపెనీ చట్టాల పత్రికకు వ్యాసం పంపితే మనుషులు చదవడం మానేసి చాలాకాలమైంది. వ్యాసం నేరుగా ‘ఊళ్ళోకి’ వెళ్ళేది.

ఊరంటే యంత్రమే. పెద్దలు దానికి అనుకరణ నగరమని పేరు పెట్టారు, ఇంజనీర్లు సిమ్యులేటర్ అన్నారు, జనం మాత్రం ఊరనే పిలిచారు. దాని కడుపులో కంపెనీలు, కూలీలు, కోర్టులు అన్నీ లెక్కల రూపంలో బతుకుతుంటాయి. ఫలానా చట్టం కావాలని ఎవరైనా వ్యాసం రాస్తే, ఊరు ఆ చట్టాన్ని తనలో పెట్టుకుని ముప్పై ఏళ్ళ కాలాన్ని ఒక్క పూటలో నడిపి చూస్తుంది. చట్టంలో రాసినట్టే జరిగితే వ్యాసం నెగ్గినట్టు, నెగ్గితే అచ్చు. అచ్చయితే ప్రభుత్వం దాన్ని చట్టం చేసి తీరాలి. ఓడినా, వెనక్కి తీసుకున్నా ఆ వాదన మళ్ళీ గడప తొక్కకూడదు. రాసినవాడి పేరు ఊరికి తెలియకూడదు గనక, పేరు తుడిచాకే పంపాలి.

లా కాలేజీ మాస్టారు తాడి వీరభద్రం ఆ మధ్యాహ్నం పత్రిక ఆఫీసులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. రొయ్యల ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకై వాళ్ళమ్మ పోయింది. ముందు రోజే డైరెక్టరు పదవికి రాజీనామా చేశానని కాగితం చూపించి యజమాని బయటపడ్డాడు. అందుకే వీరభద్రం రాశాడు: ప్రమాదానికి ముందు మూడేళ్ళలో డైరెక్టరుగా పేరున్న ప్రతివాడూ జైలుకెళ్ళాలి.

“కూర్చోవయ్యా, నేలరిగిపోతుంది,” అంది సంపాదకురాలు సలోమి. “పేరు తుడిచావా? పోయినసారి ఒకాయన ‘నేను ముందే చెప్పినట్టు’ అని ఏడుచోట్ల రాసి దొరికిపోయాడు.”

“తుడిచానండీ. మా అమ్మ సంగతి కూడా తీసేశాను.”

“మరింకేం, టీ తాగు.”

తెర మీద ఏళ్ళు పరుగెడుతున్నాయి. ఊళ్ళో ఏ ప్రమాదం జరిగినా డైరెక్టర్లు వరసగా జైలుకెళ్తున్నారు. ఒక్కొక్కడు లోపలికి వెళ్తుంటే వీరభద్రానికి గుండె పొంగుతోంది. టీ చల్లారిపోయింది. సాయంత్రానికి పచ్చదీపం వెలిగింది.

“నెగ్గావు,” అని వీపు చరిచింది సలోమి. “రేప్పొద్దున అచ్చుకు పంపుతా. తాపేశ్వరం కాజా తేకపోతే మాత్రం పంపను.”

ఊళ్ళో ఆ చట్టం ఎదురైన మొదటి డైరెక్టరు ఏం చేశాడో రాసినవాడొక్కడే చూడొచ్చని పద్ధతి. వీరభద్రం పెళ్ళివిందుకు వెళ్ళినట్టు పక్కగదిలోకి వెళ్ళాడు.

అక్కడా రొయ్యల కంపెనీయే. చట్టం వచ్చిన వారంలోనే, అప్పటిదాకా డైరెక్టరుగా ఉన్న యజమాని తన డ్రైవరును ఆ పదవిలో పెట్టాడు. తాను తప్పుకుని సలహాదారునని చెప్పుకున్నాడు. నాలుగేళ్ళ తర్వాత గ్యాస్ లీకైతే డ్రైవరొక్కడే జైలుకెళ్ళాడు. మిగతా కంపెనీలు చూసి నేర్చుకున్నాయి.

“ఇదెలా నెగ్గింది?” అన్నాడు వీరభద్రం.

“పేరున్నవాడికి శిక్ష పడాలన్నారు. పడింది,” అంది ఊరు.

“ఇంత దొంగబుద్ధి ఏ యజమానిని చూసి పెట్టావు?”

“ఎవరినీ చూడలేదు. మొదటి డైరెక్టరు బుద్ధిని వ్యాసంలోంచే తీస్తాను. చట్టంలో కంత అందరికన్నా ముందు తెలిసేది రాసినవాడికే.”

“నా పేరైనా తెలియదే నీకు.”

“తెలియదు. వ్యాసమంతా పొట్టి వాక్యాలు. ‘పేరున్న’ అన్నచోట మాత్రం ఆరు పంక్తుల వాక్యం. కంత మీకు కనిపించింది. దానిమీద చాప పరిచారు. ఈ సంగతి నేనెవరికీ చెప్పను.”

వీరభద్రం తెర ఆపేశాడు. ఆ కంత పూడ్చాలంటే ఇంకో ఏడాది పని. ముందు నెగ్గనీ, తర్వాత చూసుకుందాం అనుకున్న మాట నిజం. కారుతున్న గ్యాస్ గొట్టాన్ని చూసి, అమ్మను పొట్టనబెట్టుకున్న యజమానీ అలాగే అనుకుని ఉంటాడు.

మర్నాడు పొద్దున్నే, ఆఫీసు తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాడు.

“కాజాలేవయ్యా?” అంది సలోమి.

“నిన్నటిది వెనక్కి తీసుకుంటున్నానండీ. ఇది తీసుకోండి.” అతనిచ్చిన కొత్త కాగితాల పైన అతని పేరు పెద్ద అక్షరాల్లో ఉంది.

“మతి పోయిందా? నిన్నటి వాదన ఇక గడప తొక్కదు. పేరుంటే దీన్నీ ఊరు ముట్టదు.”

“ఊరికి వద్దండీ. మీరు చదవండి.”

సలోమి కళ్ళజోడు కోసం సొరుగంతా వెతికింది. మొదటి వాక్యం పైకే చదివింది: ‘యజమాని బదులు డ్రైవరును జైలుకు పంపే దారి కనిపెట్టింది నేనే.’ కాసేపు అతని వంక చూసి, కుర్చీ ముందుకు లాక్కుని పేజీ తిప్పింది.

వీరభద్రం కిందికి వెళ్ళి రెండు టీలు చెప్పాడు.