ఎవరి తాలూకు?

"మీరు ఎవరి తాలూకు?"

సభాభవనం ద్వారం వద్ద నిలబడ్డ పొడుగాటి యువకుడు అడిగిన ఆ ప్రశ్నకు నడీన్ హ్రోవాట్ నిర్ఘాంతపోయింది.

"ఎవరి తాలూకూ కాను. నేనిక్కడ స్టూడెంట్‌ని."

"మరి తెల్లకోటు వేయించుకునే కొత్త విద్యార్థుల వరుసలో లేరే! చూడ్డానికి వచ్చినవాళ్లయితే పైన గ్యాలరీ. అదీ కుటుంబ సభ్యులకే."

"రేపు పొద్దున ఇదే హాల్లో వాళ్ల పక్కనే కూర్చుంటాను. వాళ్లు వినే పాఠమే వింటాను, వాళ్లు రాసే పరీక్షే రాస్తాను. ఈ తెల్లకోటొక్కటే నాకివ్వరు. నేను మాస్టర్స్."

"ఓ!" అన్నాడతడు. ఆ ఒక్క అక్షరంలో బోలెడంత జాలి ఉంది.

"ఆ 'ఓ' మీ దగ్గరే దాచుకోండి. చలికాలంలో పనికొస్తుంది!"

చరచరా మెట్లు దిగిపోయింది. ఊరి పక్కనున్న సరస్సు మీదినుంచి వచ్చిన వాన ఆమెను నిలువునా తడిపింది. వెనుక నుంచి ఎవరో గొడుగు పట్టారు. తిరిగి చూస్తే అతడే.

"ఎమెట్ టాలివర్. సెకండియర్. 'ఓ' వెనక్కి తీసుకుంటున్నాను."

"గొడుగు కూడా తీసుకోండి" అని ఆమె వానలోనే వెళ్లిపోయింది.

క్లీవ్‌లాండ్‌లోని ఆ వైద్య కళాశాల న్యాయం అటువంటిది. డిగ్రీలో మార్కులు తగ్గినవారు ఏడాదిపాటు వైద్య విద్యార్థులతో సమానంగా చదవాలి. వారి సగటును మించితే సీటు కోసం ఇంటర్వ్యూ. మించకుంటే మాస్టర్స్ పట్టా పుచ్చుకుని ఇంటికి. నడీన్ మార్కులు కూలినది తల్లి మంచం పట్టిన సంవత్సరంలో. తల్లి దక్కలేదు, మార్కులూ దక్కలేదు. ఒక్క దుఃఖపు సంవత్సరాన్ని పట్టుకుని మనిషి జీవితమంతటినీ తూచే తక్కెడ సరైనది కాదు. కానీ తక్కెడ వారి చేతిలో ఉంది. మరొక అవకాశం ఆమెకు లేదు.

సాసేజ్‌ల దుకాణం నడిపే తండ్రి లూ మాత్రం నవ్వేవాడు. "సీటు రాకముందే డాక్టరు చదువేమిటే తల్లీ! పెళ్లి కాకముందే కాపురంలా ఉంది."

మరుసటి వారం అనాటమీ ల్యాబులో పాఠం చెప్పడానికి వచ్చిన సీనియర్‌ను చూసి ఆమె మళ్లీ నిర్ఘాంతపోయింది. ఎమెట్! తేరుకుని, శ్రద్ధగా ఒక నరాన్ని చూపి అడిగింది.

"సార్, ఇది ఎవరి తాలూకు?"

అతడు ఎర్రబడ్డాడు. బల్ల చుట్టూ ఉన్నవారికి అర్థం కాలేదుగానీ, ఆ రోజు పాఠం మధ్యలో అతడు రెండుసార్లు తడబడ్డాడు.

అక్కడినుంచి రోజూ కయ్యమే. కాఫీ చల్లారేంత కయ్యం. మంచు పడే వేళకు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆమె చూస్తే అతడు కిటికీ వైపు చూసేవాడు. ఆమె కిటికీ వైపు చూస్తే, అద్దంలో అతడు ఆమెనే చూస్తూ కనబడేవాడు.

జనవరిలో, అప్పటిదాకా రాసిన పరీక్షల్లో సగటును మించిన మార్కులతో, ఆమెకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఆనాడు ఊరంతా మంచులో కూరుకుపోయింది. రావలసిన ఇంటర్వ్యూ కమిటీ సభ్యుడొకరు దారిలో చిక్కుకుపోతే, కమిటీ తన విద్యార్థి సభ్యుణ్ణి అప్పటికప్పుడు పిలిపించింది. కమిటీలో ఎవరున్నారో బయటికి చెప్పకూడదు గనుక, తలుపు తెరిచేవరకు నడీన్‌కు ఏమీ తెలియదు.

బల్లకు అవతల అధ్యక్షురాలు డాక్టర్ లెనోరా ప్రూయిట్. పక్కన, టై కట్టుకుని, ఎమెట్!

నడీన్ లోలోపల సంబరపడింది. మనవాడే! గట్టెక్కాను!

ఎమెట్ లేచి నిలబడ్డాడు. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"మేడమ్, ఈ ఇంటర్వ్యూలో నేను కూర్చోలేను."

తనకు అర్హత లేదని అంటున్నాడా? ఇతడా?

"కారణం?" అన్నది ప్రూయిట్.

"చెప్పి తీరాలా మేడమ్?"

"చెప్పకుండా లేచిపోతే మచ్చ పడేది ఆ అమ్మాయి మీద. అది అన్యాయం. చెప్పు."

"ఆమె నాకు తెలుసు."

"ల్యాబులో నువ్వు పాఠం చెప్పేవాళ్లందరూ నీకు తెలుసు. కూర్చో. చుట్టమా?"

"కాదండీ."

"తగాదా ఉందా?"

"రోజూ ఉంది మేడమ్. కానీ అది కాదు."

"మరేమిటయ్యా నీ బాధ?"

"నేను ఆమెను ప్రేమిస్తున్నాను. ఎన్ని మార్కులు వేసినా తప్పే. ఎక్కువ వేస్తే ప్రేమకొద్దీ వేసినట్టు, తక్కువ వేస్తే భయపడి వేసినట్టు."

ప్రూయిట్ కలం కింద పెట్టింది.

"ఆ అమ్మాయికి తెలుసా?"

ఎమెట్ అప్పుడు నడీన్ వైపు చూశాడు. "ఇప్పుడే తెలిసింది మేడమ్."

"అయితే బయటికి నడువు. ఫలితం వచ్చేదాకా ఆమెతో మాట్లాడకు. సీటు వస్తే అది ఆమె సంపాదించిందేనని లోకం నమ్మాలి."

తలుపు మూసుకుంది. నడీన్ నోరు తెరిచింది. "మేడమ్, నేను..."

"ఆ జవాబు ఈ గదిలో ఎవరూ అడగలేదు. మంచినీళ్లు తాగు."

పక్క గదినుంచి మరొక ప్రొఫెసర్ వచ్చి కూర్చున్నాక, ప్రూయిట్ అడిగింది: "నీకు బాగా కావలసిన మనిషి పొరపాటు చేస్తే, రోగి వైపు నిలబడతావా, ఆ మనిషి వైపా?"

కంఠతా పట్టిన జవాబు ఎటో ఎగిరిపోయింది.

"ఇందాక అడిగి ఉంటే అబద్ధం చెప్పేదాన్ని మేడమ్. తలుపు తీయగానే మనవాడున్నాడని సంబరపడ్డాను. అతను లేస్తే నన్ను ముంచేశాడనుకున్నాను. కారణం విన్నాక సిగ్గేసింది. నాకోసం ఎవరూ తక్కెడ వంచకూడదు. నేనూ ఎవరికోసమూ వంచను. చెప్పడం తేలికే. లేచి నిలబడటం ఎంత కష్టమో ఇప్పుడే చూశాను."

ప్రూయిట్ నవ్వలేదు. కలం తీసుకుని ఏదో రాసుకుంది.

ఆ తరువాత ఎమెట్ ప్రూయిట్ మాట దాటలేదు. ఆమె ఎదురైతే వీధి దాటేవాడు. ల్యాబుకు మరొకరిని పంపేవాడు.

"ఆ పిల్లాడు మళ్లీ మన కొట్టుకి వచ్చాడే" అన్నాడు లూ ఒక ఆదివారం. "నీ గురించి ఒక్క ముక్క అడగడు. అడగకూడదట! సాసేజ్‌లు కొనుక్కుని, నీ ఫోటో వంక చూసి పోతాడు. అంత తిండిపోతులా లేడు మరి."

"నువ్వేమన్నావు నాన్నా?"

"ఏమంటాను? తూకం కాస్త మొగ్గుగా వేసి ఇచ్చాను. నా తక్కెడ నా ఇష్టం!"

ఏప్రిల్‌లో సీటు వచ్చింది. నడీన్ వానలో పరుగెత్తి లైబ్రరీ మెట్లమీద అతణ్ణి పట్టుకుంది. ఈసారి అతడి గొడుగు కిందికి తనే దూరింది.

"వచ్చేసింది!"

"నీ అంతట నువ్వు తెచ్చుకున్నావు" అన్నాడతడు. "మరి... నా సంగతి?"

"గదినిండా మనుషుల్ని పెట్టుకుని చెప్పావుగా! నువ్వు వెయిటింగ్ లిస్టులో ఉన్నావు. కమిటీ ఆలోచిస్తోంది."

"కమిటీలో ఎవరున్నారో?"

"బయటికి చెప్పకూడదు."

ఆగస్టు వచ్చింది. అదే సభాభవనం. నడీన్ వరుసలో నిలబడి ఉంది. ద్వారం వద్ద కొత్త కుర్రాడొకడు, లూ వెనుక వస్తున్న ఎమెట్‌ను ఆపాడు.

"గ్యాలరీ కుటుంబ సభ్యులకేనండీ. మీరు ఎవరి తాలూకు?"

లూ ఏదో అనబోయాడు.

"నా తాలూకు!"

వరుసలోనుంచి వచ్చిన ఆ కేక హాలంతా మార్మోగింది. అందరి తలలూ తిరిగాయి. వేదికమీద తెల్లకోటు పట్టుకుని నిలుచున్న డాక్టర్ ప్రూయిట్ కళ్లద్దాల మీదుగా చూసింది.

"కారణం?"

"అదే కారణం మేడమ్. మీరు విన్నదే."

ప్రూయిట్ ద్వారం వైపు చేయి ఊపింది.

"పంపించవయ్యా. ఈసారి అతను కూర్చోవచ్చు."