క్వారీలో పన్నెండున్నర

"ఈసారి చచ్చేవాళ్లు వందల్లో ఉంటారు," అన్నాడు చీఫ్, బిస్కెట్ టీలో ముంచుతూ.

పాత ఫ్రిజ్‌ల రిపేరు షాపు వెనక గది అది. బయట బోర్డు మీద కంప్రెసర్ బొమ్మ, లోపల గోడల నిండా మ్యాపులు. బ్యూరో రహస్య కార్యాలయం అదే. గురువారం ఉదయం పది గంటలు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌కు ఫైల్లో ఒక నంబరుంది గానీ, రెండేళ్లుగా లోకమంతా అతన్ని ఫ్యూజు అనే పిలుస్తోంది. ఊరి బయట అనుమతి లేకుండా జరిగే రేవ్ పార్టీలకు కరెంటు చూసే ఎలక్ట్రీషియన్‌గా వేషం కట్టాడు. వేషం ఎంత బాగా కుదిరిందంటే, ఇరుగుపొరుగు వాళ్ల పాడైన మిక్సీలన్నీ ఇప్పుడు అతని గుమ్మంలోనే తేలుతున్నాయి.

"చంపేదెవరు చీఫ్?"

"విదేశీ ముఠా. ఆదివారం పార్టీలో కల్తీ మత్తుమాత్రలు దింపుతున్నారు. ఇన్ఫర్మేషన్ నెమలిది."

నెమలి ఆ ముఠా తరఫున పార్టీలకు మ్యూజిక్ వాళ్లను కుదిర్చే మనిషి. పైకి ముఠా మనిషి, లోపల మన మనిషి. కనీసం చీఫ్ అలా నమ్ముతాడు. ఆవిడ వెండి రంగు కోటు వేసుకుని ఈ గదిలోకి వస్తే చీఫ్ పొట్ట లోపలికి లాక్కుంటాడు. ఆ సంగతి ఏ ఫైల్లోనూ ఉండదు.

"లొకేషన్ వాళ్లు గంట ముందు గానీ చెప్పరు. అక్కడ జనం చేరగానే నీ టెస్టర్ నొక్కు," అన్నాడు చీఫ్. ఫ్యూజు చొక్కా జేబులోని టెస్టర్‌లో బల్బు బదులు ట్రాన్స్‌మిటర్ ఉంది. "మేం రోడ్డు మూసేస్తాం. ఆ ఏరియా టవర్‌లో మన లిస్టు నంబర్లు తప్ప అన్ని ఫోన్లూ కట్. సరిగ్గా పన్నెండున్నరకి సైరన్లతో లోపలికి. ఈ టైమింగ్ కూడా నెమలి ఇచ్చిందే."

"రోడ్డు మూసేస్తే జనం ఎటు పోతారు?"

"ఎటూ పోకూడదనే కదయ్యా మూసేది!"

ఫోన్ కోడ్ రెండే రెండు ముక్కలు. 'మీటరు తిరుగుతోంది' అంటే అంతా సవ్యం. 'మీటరు కాలిపోయింది' అంటే వెంటనే వచ్చేయండి. ప్రపంచంలో చెప్పుకోవాల్సిన మిగతా మాటలకు బ్యూరో కోడ్ తయారు చేయలేదు.

"మా చెల్లెలు కూడా అక్కడే ఉంటుంది చీఫ్."

"తెలుసు. నీ రిపోర్టుల్లో చదువుతూనే ఉన్నాంగా," అన్నాడు చీఫ్ ఆప్యాయంగా.

ఈ ఉద్యోగంలో ఫ్యూజుకు నిజంగా భయమేసేది ఆ ఒక్క విషయానికే. అమ్మానాన్నా పోయాక మిగిలింది అన్నాచెల్లెళ్లిద్దరే. చెల్లెలు వారమంతా పళ్ల డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది, ఆదివారాలు పార్టీ ట్రక్కు తోలుతుంది. అతను యూనిఫాంలో ఉన్న రోజుల్లో ఒక రెయిడ్‌లో పోలీసులు తన స్నేహితుల స్పీకర్లు లాఠీలతో పగలగొట్టడం చూసి, "నీకూ నాకూ ఇక మాటల్లేవు," అంది. మూడేళ్లు నిజంగానే మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు అతను టూల్ బ్యాగ్‌తో ఆమె గుమ్మంలో నిలబడి, పోలీసు ఉద్యోగం వదిలేశానన్నాడు. ఆ పిల్ల భోరున ఏడ్చి, లోపలికి లాక్కెళ్లి భోజనం పెట్టింది. ఆ మాట చెప్పమని పంపింది బ్యూరో. కానీ కంచం ముందు కూర్చున్నాక ఫ్యూజు కళ్లలో తిరిగిన నీళ్లు బ్యూరో సరఫరా చేసినవి కావు. అప్పట్నుంచీ వారం వారం ఆమె ఇంట్లో తిన్నాడు, సోమవారం రిపోర్టు రాశాడు.

ఆదివారం ఉదయం ఆరింటికి లొకేషన్ వచ్చింది. వదిలేసిన రాతి క్వారీ.

చీకట్లో డ్రోన్లు ఒంటి వేడిని బట్టి మనుషుల్ని పట్టేస్తున్నాయని పార్టీ వాళ్లు పద్ధతి మార్చి, పట్టపగలే మొదలెడుతున్నారు. ఎండకి కాలిన రాయి మీద మనిషి వేడి ఏ డ్రోనుకీ ఆనదు. పదకొండయ్యేసరికి రెండు వేల మంది చేరారు. మూడు పక్కలా నిట్టనిలువు రాళ్లు. నాలుగో పక్క లోపలికీ బయటికీ ఒకటే మట్టిరోడ్డు. రోడ్డుకు ఎదురు కొసన తాటిచెట్టు లోతు నీటి గుంట, దాని చుట్టూ ఇనుప కంచె. ఫ్యూజు టెస్టర్ నొక్కాడు.

పన్నెండుకు నెమలి హై హీల్స్ చేత్తో పట్టుకుని మట్టిరోడ్డెక్కి వెళ్లిపోతూ కనిపించింది.

"అప్పుడే వెళ్లిపోతున్నారేంటి మేడం?"

"తలనొప్పిగా ఉందయ్యా," అంది వాచీ చూసుకుంటూ. తలనొప్పి ఉన్న మనిషి ఈల వేస్తూ నడవదు. ఫ్యూజుకు ఎక్కడో కలుక్కుమంది.

మాత్రల కోసం అప్పటికే అన్ని సంచులూ వెతికాడు. తలనొప్పి బిళ్లలు తప్ప ఏమీ దొరకలేదు. ఈసారి జనరేటర్ మూత విప్పాడు. లోపల అగ్గిపెట్టంత విదేశీ టైమర్, పవర్ లైనుకే అతికించి ఉంది. పన్నెండున్నరకు కరెంటు కట్. వైరు పీకితే జనరేటర్ ఇప్పుడే ఆగిపోతుంది. పీకకపోతే మరో పదహారు నిమిషాలకు ఆగుతుంది. పరుగున గుంట దగ్గరికి వెళ్లి కంచె మీద చెయ్యేశాడు. కంచె ఊగింది. బోల్టులన్నీ ఎవరో శుభ్రంగా విప్పేశారు. గ్రీజు ఇంకా తడిగానే ఉంది.

అతని పైప్రాణాలు పైనే పోయాయి.

పార్టీ వాళ్లకు ఒక నియమముంది. పాటను ఎప్పుడూ టక్కున ఆపరు. పది నిమిషాల పాటు మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఒళ్లు మరిచి ఊగుతున్న రెండు వేల మందికి ఒక్కసారిగా నిశ్శబ్దం తగిలితే బెదిరిపోతారు. ఈ సంగతి పోలీసులకు తెలియదు. నెమలికి బాగా తెలుసు. పాట ఆగే క్షణానికే రోడ్డు మీంచి సైరన్లు రావాలి. జనం అటు వెళ్లలేక ఇటు తిరిగి పరుగెత్తాలి. ఇటు కంచె లేదు. మాత్రలూ లేవు, మన్నూ లేదు. ఆవిడ తెచ్చిన విషం బ్యూరోనే.

"అన్నయ్యా!" చెల్లెలు రొప్పుకుంటూ వచ్చింది. "ఒకమ్మాయి ఎండకి పడిపోయింది. అంబులెన్స్‌కి చేద్దామంటే ఎవరి ఫోనూ పలకట్లేదు. క్వారీ మొత్తంలో ఒక్క ఫోన్ కూడా పనిచేయట్లేదు, ఏంటో ఖర్మ!"

అదే క్షణంలో ఫ్యూజు చొక్కా జేబులో ఫోన్ వెలిగి గిలగిలా కొట్టుకుంది.

ఆమె ఆ వెలుతురు కేసి చూసింది. అతను ఆమె కేసి చూశాడు. ఫోన్ తీశాడు.

"మీటరెలా ఉంది?" అన్నాడు చీఫ్.

తిరుగుతోంది అనేసి పెట్టేయొచ్చు. నాది వేరే కంపెనీ సిమ్ములే అని చెల్లెలికి సర్దిచెప్పొచ్చు. ఆమె నమ్ముతుంది, ఏం చెప్పినా నమ్ముతుంది. కాలిపోయింది అంటే సైరన్లు ఇప్పుడే వస్తాయి. రోడ్డు తెరవమనడానికి మాత్రం కోడ్ లేదు. ఆ మాట ఉన్నదున్నట్టు, ఆమె ముందే అనాలి.

"చీఫ్, రోడ్డు తెరవండి," అన్నాడు. "సైరన్ వేయకండి. నెమలి మన చెవిలో పువ్వులు పెట్టింది. జనరేటర్‌కి టైమర్ ఉంది, గుంటకి కంచె లేదు. పాట ఆగి మీరొచ్చారంటే ఈ జనమంతా నీళ్లలోకే."

"ప్రొసీజర్ ప్రకారం..."

"మీ ప్రొసీజర్ తగలెయ్య! రెండేళ్ల నుంచి మీకు పనిచేస్తున్నా. ఒక్కసారి నా మాట వినండి!"

అవతల చీఫ్ ఎవరినో కేకేశాడు. "వ్యాన్లు పక్కకి తీయిస్తా. కానీ బయటికొచ్చిన వాళ్లని వదలను."

"వదలొద్దు. బతికుంటే చాలు."

ఫోన్ పెట్టేసరికి చెల్లెలి మొహంలో నెత్తురు చుక్క లేదు. అరవలేదు, ఏడవలేదు. "ట్రక్కు నేను తోల్తా. నువ్వు వైర్లు చూడు," అంది. అన్నయ్యా అనలేదు.

స్పృహ తప్పిన అమ్మాయిని క్యాబిన్లో పడుకోబెట్టారు. ఫ్యూజు నాలుగు స్పీకర్ల లైను ట్రక్కు బ్యాటరీలకు మార్చాడు. బ్యాటరీలు మహా అయితే పావుగంట లాగుతాయి. పన్నెండూ ఇరవై ఆరుకు ట్రక్కు నత్తనడకన కదిలింది. వెనక స్పీకర్లు పాడుతూనే ఉన్నాయి. ముందు వరస ఊగుతూ ట్రక్కు వెంట నడిచింది. దాని వెనక రెండో వరస. చూస్తుండగానే క్వారీ అంతా మట్టిరోడ్డు పట్టింది. గుంట వైపు వీపులు తిరిగాయి.

సరిగ్గా పన్నెండున్నరకు జనరేటర్ చచ్చింది. ఎవ్వరూ గమనించలేదు.

మలుపు దాటాక పక్కకు తీసిన వ్యాన్ల బారు కనిపించింది. చివరి మనిషి రాళ్ల మధ్య నుంచి బయటపడ్డాక ఫ్యూజు పాటను నియమం ప్రకారం మెల్లగా తగ్గించాడు. అప్పుడు పోలీసులు దిగారు. ఒక్కరు చావలేదు. క్యాబిన్లో అమ్మాయిని అంబులెన్స్ ఎక్కించారు. మూడు వందల మందిని వ్యాన్లెక్కించారు. స్పీకర్లను మళ్లీ లాఠీలతో పగలగొట్టారు.

ట్రక్కు తోలినందుకు చెల్లెల్ని మొదటి వ్యాన్‌లోనే కూర్చోబెట్టారు. ఫ్యూజు వ్యాన్ కిటికీ జాలీ దగ్గరికి వెళ్లాడు.

"రెండేళ్లూనా?" అంది.

"ఆ."

"మా ఇంట్లో భోంచేసినవి కూడా రాశావా?"

అబద్ధం ఆడటం అతని వృత్తి. ఆ పూట చేతకాలేదు. "రాశాను."

"ఏమని?"

అతను జేబులోని టెస్టర్ సర్దుకున్నాడు. ఆమె మొహం అటు తిప్పుకుంది. వ్యాన్ వెళ్లిపోయింది. తర్వాత అతను రాసిన ఉత్తరాలు తెరవకుండానే తిరిగొచ్చాయి, ఆమె ఇల్లు మారిపోయింది. ఎక్కడికి మారిందో కనుక్కోవడం బ్యూరో ఏజెంట్‌కు ఐదు నిమిషాల పని. ఆ పని మాత్రం చెయ్యకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

నెమలి ఆ సాయంత్రమే విమానమెక్కింది. "పట్టుకోండి," అన్నాడు ఫ్యూజు. "పేలని బాంబుకి కేసెలా పెడతామయ్యా?" అన్నాడు చీఫ్.

క్వారీ అరెస్టులు చూపించి నెల తిరక్కుండానే చట్టం తెచ్చారు. అనుమతి లేకుండా ఆరుబయట పదిమంది చేరి పాట పెట్టుకున్నా జైలే. ఆ వారమే ఒక విదేశీ కంపెనీకి టికెట్టు పెట్టి మ్యూజిక్ ఫెస్టివల్ జరుపుకోడానికి అన్ని అనుమతులూ వచ్చాయి. ఉచితంగా ఆడే చోటు ఇక ఎక్కడా మిగల్లేదు. ముఠాకు కావలసింది ఇదేనని, శవాలు లేకుండానే పని అయిపోయిందని, ఫ్యూజుకు ఫెస్టివల్ పోస్టర్ మీద వెండి రంగు కోటు చూశాక అర్థమైంది.

చీఫ్ అతన్ని పిలిచి భుజం తట్టి, బ్యూరో తరఫున ప్రశంసాపత్రం ఇచ్చాడు. దానికి పిన్ను గుచ్చి ఆ ఫెస్టివల్ పాసులు రెండు. రెండోది ఇంట్లోవాళ్ల కోసమట.