కంచెకి అటు మాంసం, ఇటు గుళికలు

ఫెర్గస్ ఆ లోయలో గొర్రెల ఫారం చూసుకునే పనిలో చేరి వారం తిరక్కముందే పొరుగు ఫారం అమ్మాయితో తగువు పడ్డాడు. నిజానికి తగువు మొదలెట్టింది అతను కాదు, ఆ అమ్మాయి కుక్క. ఫెర్గస్ కుక్క టగ్ కంచె పక్కన కూర్చుని హాయిగా గొర్రె ఎముక కొరుక్కుంటుంటే, అది కంచె కిందనుంచి దూరి వచ్చి ఎముకని నోట కరుచుకుని పోయింది.

వాన సన్నగా పడుతోంది. కంచెకి అవతల నాలుగు చక్రాల బైకు ఒకటి వచ్చి ఆగింది. దానిమీద ఆకుపచ్చ రెయిన్‌కోటు వేసుకున్న అమ్మాయి ఉంది. టోపీ కిందనుంచి రెండు కళ్ళు ఫెర్గస్‌ని పైనుంచి కిందికి ఒకసారి, కిందనుంచి పైకి మరోసారి చూశాయి.

"ఇది నీదేనా?" అంది ఎముకని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని.

"నాది కాదు, టగ్‌ది."

"అయితే టగ్‌కి చెప్పు, మా ఫ్లైకి పచ్చిమాంసం అలవాటు చెయ్యద్దని."

"నువ్వు ఫ్లైకి చెప్పు, అడక్కుండా తీసుకెళ్ళడాన్ని ఏమంటారో."

"ఏమంటారేం?"

"మా ఊళ్ళో దొంగతనం అంటారు. ఈ లోయలో ఏమంటారో నాకింకా తెలీదు."

ఆ అమ్మాయి పేరు నైరీ. తండ్రి కోలిన్ మోకాళ్ళు మొరాయించినప్పటినుంచి ఆ ఫారం మొత్తం తనే నడుపుతోంది. ఫ్లై నోరెత్తకుండా, కళ్ళతోనే గొర్రెల్ని నిలబెట్టే రకం. టగ్ అరిచి అరిచి గొర్రెల్ని కొండెక్కించే రకం. యజమానులిద్దరికీ కూడా కుక్కల గుణాలే వచ్చాయని ఫెర్గస్‌కి ఆ క్షణాన తోచింది. అయితే ఎవరిది ఎవరికి వచ్చిందో తేలలేదు. ఆ అమ్మాయి నోరూ ఊరుకోదు, కళ్ళూ ఊరుకోవు.

"ఇంతకీ నీ కుక్కకి ఏం పెడతావ్?" అన్నాడు.

"బస్తాలో వచ్చే గుళికలు. బలానికి ఏం కావాలో అన్నీ అందులోనే ఉంటాయి. కొలిచి పోస్తాను, గిన్నె కడుగుతాను, అంతే."

"పొద్దునా సాయంత్రం నీకు ఓట్స్ గంజే పోస్తే తాగుతావా?"

"నేనేం రోజంతా గొర్రెల్ని తరమను కదా."

"ఇప్పుడు నన్ను తరుముతున్నావుగా."

నైరీ నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. ఫెర్గస్ దాన్ని చూశాడు. తను చూసినట్టు నైరీకీ తెలిసిపోయింది, దాంతో ఆమెకి మరింత కోపం వచ్చింది.

"ఆ మాంసం ఫ్రీజర్లో పెడుతున్నావా లేదా అది చెప్పు. పది రోజులు గడ్డకట్టి ఉండాలి. లేకపోతే దాంట్లో పురుగు కుక్క కడుపులో పెరుగుతుంది, ఆ కుక్క దొడ్డికి వెళ్ళిన గడ్డి మా గొర్రెలు మేస్తాయి, వాటి మాంసం నిండా తెల్లటి పొక్కులొస్తాయి. మనుషులకి ఏం కాదుగానీ మాంసం ఫ్యాక్టరీవాళ్ళు ముట్టుకోరు."

"పెడుతున్నాను. నేనేం నిన్న పుట్టలేదు."

"మాటతీరు చూస్తే అలానే ఉంది మరి," అని బైకు తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఫెర్గస్‌కి కంచె బాగుచేసే పని విపరీతంగా ఎక్కువైంది. బాగున్న తీగల్ని వదులు చేసి మళ్ళీ బిగించడంలో ఎంత సుఖం ఉందో ప్రేమలో పడినవాడికి తప్ప ఇంకొకరికి తెలియదు. నైరీకి కూడా ఆ వైపు బీడులో గొర్రెల్ని లెక్కపెట్టాల్సిన అవసరం తరచుగా వచ్చేది. ఇద్దరూ కంచెకి చెరోవైపు నిలబడి కుక్కల తిండి గురించి పోట్లాడుకునేవాళ్ళు. ఆ మిషతో మిగతా సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్ళు.

ఒక ఆదివారం నైరీ అతన్ని టీకి పిలిచింది. వంటింట్లో పొయ్యి ముందు ముసలి కుక్క ఒకటి పడుకుని ఉంది. పేరు మోస్. కోలిన్ కాలం కుక్క. పని మానేశాక ఇంట్లోకి వచ్చేసింది.

"దీన్ని చూడు, పద్నాలుగేళ్ళు," అంది నైరీ గర్వంగా. "బొచ్చు ఎలా మెరుస్తోందో చూడు. ఎప్పుడూ గుళికలే. అవునా నాన్నా?"

"ఊఁ," అన్నాడు కోలిన్, కిటికీలోంచి కోళ్ళకేసి చూస్తూ.

ఆ వేసవి మొదట్లో పెద్ద తుఫాను వచ్చి లోయలో కరెంటు పోయింది. ఫెర్గస్ ఫ్రీజర్లో అప్పుడే కోసి పెట్టిన గొర్రె ఉంది. కరెంటు వచ్చేసరికి మాంసం సగానికి సగం కరిగి నీళ్ళు కారుతోంది. పాడు చేసుకోవడం ఎందుకని కొంత తీసి టగ్‌కీ, ఫారంలోని మిగతా కుక్కలకీ వేశాడు. వేశాక గానీ దానికి పది రోజులు నిండలేదని గుర్తుకు రాలేదు. మర్నాడే నట్టల మాత్రలు మింగించి, మనసుకి సర్దిచెప్పుకున్నాడు.

వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం నైరీ బైకు కంచె దగ్గర ఆగలేదు. తిన్నగా గేటు దాటి అతని ముంగిట్లోకే వచ్చింది.

"ఫ్యాక్టరీనుంచి ఫోనొచ్చింది. మా గొర్రె పిల్లల్లో చాలావాటికి పొక్కులు. ఏడాది కష్టం," అంది. "ఈ లోయలో పచ్చిమాంసం పెట్టేది నువ్వొక్కడివే."

"నైరీ, నేను ఫ్రీజర్లో..."

"పెట్టానంటావ్. నమ్మాను కూడా. నీతో నవ్వుతూ మాట్లాడినన్నాళ్ళూ నమ్మాను," అంది. సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఫారం యజమాని పట్నంనుంచి ఫోన్ చేశాడు. "ఇరుగుపొరుగుతో గొడవలు నాకొద్దు ఫెర్గస్. అది మన కుక్కలవల్లే అని తేలితే నువ్వూ నీ కుక్కలూ వేరే చోటు చూసుకోండి," అన్నాడు నెమ్మదిగా.

ఫెర్గస్ మర్నాడే బస్తా గుళికలు తెచ్చి టగ్ ముందు పోశాడు. టగ్ గిన్నెని వాసన చూసింది, అతని మొహం చూసింది, గిన్నెని కాలితో బోర్లా తోసి దానికేసి చాలాసేపు మొరిగింది. "నేనేం చెయ్యనురా," అన్నాడు ఫెర్గస్. కుక్కకి సంజాయిషీ చెప్పుకుంటున్నాడు గానీ, అతనికే తిండి సయించక రెండు పూటలైంది. ఉద్యోగం పోతే పోయింది. మళ్ళీ ఇంకొకటి దొరుకుతుంది. తనవల్లే నైరీ కష్టం మట్టిపాలైందన్న అనుమానం మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆ కరిగిన మాంసం సంగతి చెప్పేస్తే ఆమె ఇక మొహం చూడదు. చెప్పకపోతే తన మొహం తనే చూసుకోలేడు.

చివరికి నాలుగోరోజు బట్టలు సంచిలో కుక్కాడు. సంచిని పికప్ బండి వెనక పడేసి, టగ్‌ని పక్క సీట్లో ఎక్కించుకుని కోలిన్ ఇంటికి బయల్దేరాడు.

ఇంట్లో ఎవరూ పలకలేదు. వెనక, ఇంటికోసం గొర్రెని కోసుకునే షెడ్డులో ఏదో అలికిడైతే అటు వెళ్ళాడు. కోలిన్ అప్పుడే కోసి వేలాడదీసిన గొర్రె పక్కన, మోకాళ్ళ నొప్పి మరిచిపోయి గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో వేడి తగ్గని మెత్తటి మాంసం ముక్క. ఎదురుగా మోస్.

"తిను నాయనా, నెమ్మదిగా," అంటున్నాడు.

ఫెర్గస్ అడుగు ఆపేశాడు. తప్పు తనది కాకపోవచ్చని తోచగానే ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికైపోయింది.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు.

కోలిన్ ఉలిక్కిపడి, మనిషిని చూశాక భుజాలు దించాడు. "నువ్వా అబ్బాయ్. వీడికి పళ్ళు పోయినప్పట్నించి. గుళికలు నమల్లేడు. నానబెడితే మూతి తిప్పుకుంటాడు. నైరీ పోసి వెళ్ళగానే తీసి కోళ్ళకి వేస్తాను."

"ఫ్రీజర్లో పెట్టి ఇవ్వచ్చుగా?"

"ఫ్రీజర్ నైరీది. ప్రతి పొట్లం మీదా దాని కన్నుంటుంది."

"నట్టల మాత్రలు?"

"మాత్రలు వేసే అతను కుక్కల గూళ్ళ దగ్గరికొచ్చి పోతాడు. వీడేమో వంటింట్లో పొయ్యి ముందుంటాడు. నేనూ చెప్పలేదు." కోలిన్ కత్తిని గుడ్డతో తుడిచిందే తుడుస్తున్నాడు. "అన్నేళ్ళు నా ముందు పరిగెత్తాడు. ముసలితనంలో ఒక్క ముక్క పెట్టలేనా అనుకున్నాను. పొక్కుల ఫోనొచ్చిన రోజే నాకర్థమైంది. చెప్దామని రోజూ లేస్తున్నాను, దాని మొహం చూసి మళ్ళీ కూలబడుతున్నాను."

ఫెర్గస్‌కి ఆయన మీద కోపం రావాల్సిన మాటే. రాలేదు. ఆ ముసలాయన తలదించుకుని కూర్చుంటే, ఆయన అవస్థ ఇందాకటిదాకా తను పడ్డ అవస్థే అనిపించింది.

అప్పుడే బైకు చప్పుడైంది. నైరీ షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"ఇక్కడున్నావా? నీ కోసం మీ ఇంటికెళ్ళొస్తున్నాను," అంది ఫెర్గస్‌తో.

కోలిన్ మొహం పాలిపోయింది. ఫెర్గస్ ఆలోచించలేదు. ఆలోచిస్తే ఆగిపోయేవాడేమో.

"తప్పు ఒప్పుకోవడానికొచ్చాను. తుఫానప్పుడు కరిగిపోయిన మాంసం కుక్కలకి పెట్టాను. దానికి పది రోజులు నిండలేదు. నావల్లే అయింది."

నైరీ అతన్ని తేరిపార చూసింది. "ఫ్యాక్టరీవాళ్ళకి మళ్ళీ ఫోన్ చేశాను. పొక్కులున్నవన్నీ ఈ ఇంటి వెనక బీడులో పెరిగిన మందలోవే. మీ కంచె పక్క మందలో ఒక్కదానికీ లేదు. నీ కుక్కలు ఇక్కడికెప్పుడొచ్చాయి?"

ఫెర్గస్ చూపు షెడ్డులో ముసిరిన ఈగల మీద పడింది. "ఈగలు... ఈగలు మోసుకొస్తాయిట ఆ పురుగు గుడ్లని."

"ఓహో. ఆ ఈగలు కంచె పక్కనున్న గొర్రెల్ని వదిలేసి, కొండ దిగి, వాగు దాటి, తిన్నగా మా పెరట్లోకే వచ్చాయన్నమాట. చాలా మర్యాదగల ఈగలు." చేతులు కట్టుకుంది. "నీకు అబద్ధం చెప్పడం రాదు ఫెర్గస్. ఎవర్ని వెనకేసుకొస్తున్నావ్?"

కోలిన్ గుంజ పట్టుకుని మెల్లగా లేచాడు.

"నైరీ," అన్నాడు, "ఆ ఈగని నేనే."

ఆయన వెనకనుంచి మోస్ మూతి నాక్కుంటూ, తోక ఊపుకుంటూ బయటికొచ్చింది.

నైరీ తండ్రిని చూసింది, మోస్‌ని చూసింది, వేలాడుతున్న గొర్రెని చూసింది. తర్వాత బోర్లించి ఉన్న బకెట్టు మీద కూలబడి పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడుపులోకి దిగిందో ఆమెకే తెలియలేదు.

"గుళికలతో పద్నాలుగేళ్ళు బతికించానని లోయంతా చెప్పుకున్నాను," అంది ముక్కు తుడుచుకుంటూ. "ఫ్లైకి మాత్రలు సరిగ్గా వేయించలేదేమో, నేనే ఏదో తప్పు చేశానేమోనని దారంతా వణికిపోతూ వచ్చాను. నాన్నా, ఒక్క మాట చెప్పాల్సింది."

"చెప్తే ఆపించేస్తావని."

"ఆపను. గడ్డకట్టించి, కరిగించి, నేనే ముక్కలు చేసి పెడతాను. మాత్ర కూడా నేనే మింగిస్తాను. గుళికలు తినేవి గుళికలు తింటాయి, వీడు మాంసం తింటాడు. దానికింత దొంగతనమా?"

కోలిన్ కూతురి తలమీద చెయ్యి వేశాడు. నైరీ ఆ చేతిని ఒక క్షణం పట్టుకుని, లేచి ఇంట్లోకి వెళ్ళింది. తెరిచిన కిటికీలోంచి ఆమె ఫెర్గస్ యజమానితో ఫోన్లో మాట్లాడటం వినపడుతూనే ఉంది. "తప్పు మాదండి. పూర్తిగా మాదే. మీ మనిషిని పంపించేస్తే మాత్రం నేనూరుకోను."

బయటికి వచ్చేసరికి ఫెర్గస్ బండి పక్కన నిలబడి ఉన్నాడు. ఎన్నో రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీలుస్తున్నాడు. నైరీ బండి వెనకనున్న సంచిని చూసింది.

"ఇదేంటి?"

"బట్టలు. వెళ్ళిపోవాల్సొస్తుందనుకున్నాను."

"అంటే, చెయ్యని తప్పు నెత్తినేసుకుని, చెప్పాపెట్టకుండా పోయేవాడివా?"

"చెప్పే పోయేవాణ్ణి. నిన్ను చూడకుండా వెళ్ళలేక ఇటొచ్చాను," అన్నాడు. తర్వాత, అన్నాళ్ళూ కంచె తీగలకి మాత్రమే చెప్పుకున్న మాట మనిషికే చెప్పేశాడు. "నువ్వంటే నాకిష్టం నైరీ. వాన పడ్డ రోజునుంచి."

నైరీ చెవులదాకా ఎర్రబడింది. సంచిని రెండు చేతులతో బండిలోంచి ఎత్తి, అతనికివ్వకుండా తన భుజాన వేసుకుంది.

"నిన్ను అన్నేసి మాటలన్నాను," అంది. "ఒక్కటీ తిరిగి అనలేదేం?"

"అన్నవన్నీ నిజమేమోనని భయమేసింది."

"నీ కుక్క ఏం తిన్నా నాకిక అభ్యంతరం లేదు," అంది నైరీ, నేలకేసి చూస్తూ. "నువ్వు మాత్రం ఇక్కడే తినాలి."

"ఇవాళా?"

"ఇవాళ మొదలు."

వంటింట్లోంచి కోలిన్ గొంతు వినపడింది. "అబ్బాయ్, కాళ్ళు కడుక్కుని లోపలికి రా. కాలేయం వేపుడు చేస్తున్నాను. మోస్‌కి కాదు, మనకి."

నైరీ సంచితో సహా ముందు నడిచింది. ఫెర్గస్ వెనకే వెళ్ళాడు.