రేవు వాలు మీద చిన్న కారు

చీకటి పడ్డాక ఆ రేవు వాలు మీంచి పడవను పైకి లాగకూడదని చుట్టుపక్కల అందరికీ తెలుసు. తెలియనివాళ్ల కోసం అక్కడో బోర్డు కూడా ఉంది. దాని మీద దెయ్యం మాట లేదు, ఎంతైనా అది సర్కారు బోర్డు. 'సాయంత్రం ఆరు తర్వాత పడవలు తీయరాదు' అని మాత్రమే రాసి ఉంటుంది. ఎందుకని అడిగితే కాపలాదారు మళ్లీ ఆ బోర్డే చూపిస్తాడు.

ఆరేళ్లలో మూడు బళ్లు చీకటి పడ్డాక ఆ వాలు మీద వెనక్కి జారి జలాశయంలో పడ్డాయి. వాలు చివర ఇరవై అడుగుల లోతు. నడిపినవాళ్లు ముగ్గురూ దూకి బతికారు, మళ్లీ అటు తొంగిచూడలేదు. వాళ్లలో మందుల షాపాయనను గుచ్చి గుచ్చి అడిగితే, మాత్రలు లెక్కపెడుతూనే "ఎవరో వచ్చారండీ…" అనేవాడు. ఎవరన్నది మాత్రం నోరు జారేవాడు కాదు.

గడియారాలు బాగుచేసే ఆయన ఇవన్నీ విన్నాడు. నమ్మలేదంతే. వెంట్రుక మందం స్ప్రింగులతో పొద్దస్తమానం పనిచేసే మనిషికి దెయ్యాల మీద గురి కుదరడం కష్టం.

ఆయన ఓ పాత చిన్న పడవ కొన్నాడు. దాన్ని లాగడానికి ఏ బండి సరిపోతుందో కూడా తనే తేల్చేశాడు. పడవ కాగితాల్లో బరువు రెండు వందల ఎనభై కిలోలని ఉంది. తన చిన్న కారు నాలుగు వందల కిలోలు లాగుతుందని కారు పుస్తకంలో ఉంది. ఇంకేం, లెక్క సరిపోయింది.

బావమరిది డ్రైవింగ్ నేర్పే స్కూల్లో మాస్టారు. ఆ లెక్క మొదటినుంచి చివరిదాకా చదివాడు. తర్వాత ఒక్కొక్కటే అడిగాడు. పడవను మోసే ట్రాలీ బరువు ఏదీ? ఇంజను? పెట్రోలు, బ్యాటరీ, లంగరు? పడవ అడుగున నిలిచే నీళ్లు? పడవను దించడం ఎవడైనా దించుతాడనీ, తడి వాలు మీద పైకి తేవడమే అసలు పరీక్ష అనీ చెప్పాడు. తోడల్లుడి జీపు అడగమన్నాడు. తోడల్లుడిని జీపు అడగడం కన్నా పడవను నెత్తిన పెట్టుకుని మోయడం నయమని గడియారాలాయన అభిప్రాయం.

"వస్తే కొండ, పోతే వెంట్రుక అనుకోకు బావా. ఆ వెంట్రుక స్థానంలో కూర్చునేది నువ్వు" అన్నాడు బావమరిది. "సరే, ఒక్కటి మాత్రం మరిచిపోకు. లాగేటప్పుడు కార్లో నువ్వు తప్ప ఇంకెవరూ ఉండకూడదు."

ఆయన సరేనన్నాడు. అప్పటికి మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ రోజు పడవ బాగానే దిగింది. వెంట వచ్చిన ఆరేళ్ల కూతురు కేరింతలు కొట్టింది. తిరిగి వచ్చేటప్పుడు నట్టనడి నీళ్లలో ఇంజను ఆగిపోయింది. గంటన్నర తెడ్డు వేసి ఒడ్డుకు చేరేసరికి ఏడు దాటింది. కాపలాదారు ఇంటికెళ్లిపోయాడు. పైన టీకొట్టులో ఒక్క బల్బు వెలుగుతోంది. పాప భుజం మీదే నిద్రపోయింది.

ఆ చలిలో, ఆ చీకట్లో, పిల్లను ఒడ్డున ఎక్కడ పడుకోబెడతాడు? వెనక సీట్లో పడుకోబెట్టి, బెల్టు పెట్టి, దుప్పటి కప్పాడు. అన్నిటికన్నా భద్రమైన చోటు అదేననుకున్నాడు. పాపం, తండ్రి బుద్ధి అలాగే అనుకుంటుంది.

పడవను ట్రాలీకి బిగించాడు. స్టార్ట్ చేసి, మొదటి గేరు వేశాడు.

ఆరు గజాలు ఎక్కింది.

తర్వాత… ముందు చక్రాలు గిర్రున తిరిగాయి. కారు కదల్లేదు. ముందు అద్దంలోంచి చూస్తే రోడ్డు కనిపించలేదు. కారు ముక్కు పైకి లేచి ఉంది, ఆకాశం కనిపిస్తోంది.

బ్రేకు తొక్కాడు. హ్యాండ్ బ్రేకు లాగాడు. చక్రాలు నాలుగూ ఆగాయి. కారు ఆగలేదు. పాచి మీద మెల్లగా, చప్పుడు లేకుండా, వెనక్కి జారుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు ట్రాలీ బరువు. ఇంజను బరువు కూడా గుర్తొచ్చింది. బావమరిది అడిగినవన్నీ వరసగా గుర్తొచ్చాయి.

వెనక పడవ అడుగు నీళ్లను తాకింది. ఆయన చేయి తలుపు మీదికి వెళ్లింది. దూకితే ఒక్క క్షణం పని. కానీ పాప బెల్టు విప్పి, ఎత్తుకుని, దిగేసరికి…

చేయి వెనక్కి తీసుకున్నాడు. జీవితంలో ఎప్పుడూ అంత భయపడలేదు.

అప్పుడే కారు ముందు భాగం కిందికి దిగింది.

కుదుపు లేదు. ఓ బరువైన మనిషి ముందు ఎడమ తుంటి ఆనించి, తర్వాత కుడి తుంటి సర్దుకుని కూర్చుంటే ఎలా దిగుతుందో అలా దిగింది. బానెట్ కిర్రుమంది. లైట్లు వాలి రోడ్డు మీద పడ్డాయి.

అద్దం నిండా ఒక వీపు. బనియను వేసుకున్న, విశాలమైన, మామూలు వీపు. అటు తిరిగి ఉంది.

కాళ్లు దూకమన్నాయి. వెనక సీట్లో పాప నిద్రలో ఊపిరి తీసుకుంది. ఆ చప్పుడు ఆయనకు స్పష్టంగా వినిపించింది.

"రెండో గేరు…" అంది ఆ వీపు, గుసగుసగా. "బ్రేకు వదులు… మెల్లగా… తొక్కెయ్యకు…"

చెప్పినట్టు చేశాడు. చక్రాలకు పాచి మీదే పట్టు దొరికింది. కారు ఒక్క గజం ఎక్కింది. ఇంకో గజం. ఆ వీపు దారికి అడ్డంగా ఉండటంతో పక్క కిటికీలోంచి తల బయటపెట్టి నడపాల్సి వచ్చింది. చివరికి వాలు అయిపోయి కారు చదును నేల మీదికి వచ్చింది. అద్దం అవతల ఎవరూ కనిపించలేదు.

టీకొట్టు ఆవిడ టార్చి పట్టుకుని వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. ఆయన్ను చూసింది, వెనక పడవను చూసింది, కారును చూసి నిట్టూర్చింది.

"కూర్చున్నాడా?" అంది.

ఆయన తల ఊపాడు.

"మా ఆయన" అంది ఆవిడ.

చిన్న కారు బరువైన పడవను లాగితే వెనక భాగం కుంగి ముందు చక్రాలు తేలిపోతాయట. తడి వాలు మీద ఇక పట్టెక్కడిది? అలాంటి బళ్లకు వాళ్లాయన బానెట్ మీద ఎక్కి కూర్చునేవాడు. నూటపది కిలోల మనిషి. ఈ రేవులో పద్దెనిమిదేళ్లు అదే పని చేశాడు. ఆయనున్నన్నాళ్లూ ఒక్క బండీ జారలేదు. ఆరేళ్ల కిందట ఇంట్లోనే, నిద్రలోనే పోయాడు. నీళ్లకూ ఆయన చావుకూ సంబంధమే లేదని ఆవిడ గట్టిగా చెప్పింది. జనం ఊరికే కథలు అల్లుతారట.

"పోయాక కూడా పని మానలేదు. కానీ ఆయన ఎక్కగానే వీళ్లు దూకేస్తారు. స్టీరింగు పట్టుకునేవాడు లేకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు బాబూ? మూడు బళ్లు పోయాయి. ఆ చెడ్డపేరంతా మా ఆయన నెత్తిన పడింది." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "మరి నువ్వెందుకు దూకలేదు?"

గడియారాలాయన వెనక సీటు వైపు చూశాడు. ఆవిడ టార్చి అటు తిప్పి, పాప మొహం చూసి, చటుక్కున ఆర్పేసింది.

ఆయనకు ఏడుపొచ్చింది, ఏడ్చాడు. తర్వాత వెళ్లొస్తానని కారెక్కాడు.

"ఈసారి సరైన బండి తెచ్చుకో" అంది ఆవిడ. "ఇప్పుడు మాత్రం గేటు దగ్గర ఒక్క నిమిషం ఆపి వెళ్లు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. దిగడానికి టైం పడుతుంది."

ఆయన గేటు దగ్గర ఆపాడు. ఇంజను ఆపలేదు. చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. ఇరవై సెకన్లు… నలభై… ఏమీ జరగలేదు. ఆవిడ బాధలో ఏదో అందిలే అనుకుని గేరు మీద చేయి వేశాడు.

కారు ముందు భాగం మెల్లగా పైకి లేచింది. మొదట ఎడమ వైపు. కాసేపాగి, కుడి వైపు.