వాయించి చూడని గిటారు

మేముండేది తాళాల కొట్టు పైన, మొదటి అంతస్తులో. రెండు గదులు, ఓ వంటగది, చెక్క నేల. కింద తాళాలాయన పొద్దున్నే ఆకురాయితో ఇనుము గీకడం మొదలుపెడితే ఆ చప్పుడు మా మంచం కోళ్ల దాకా ఎక్కేది. కొత్తలో నాకు పళ్లు జివ్వుమనేవి. తర్వాత అలవాటైపోయింది.

మా ఆయనకి ఆ బాధ లేదు. గాజు సీసాల ఫ్యాక్టరీలో పని చేసి చేసి చెవులు పోగొట్టుకున్నారు. ఒక్కసారిగా పోలేదు. ముందు పిట్టల అరుపులు పోయాయి. తర్వాత గడియారం, ఆ తర్వాత కుళాయి. చివరికి నేను. ఫ్యాక్టరీ వాళ్లు ఇక ఇంట్లో కూర్చోమన్నారు.

చెవులు వినపడని మనిషితో కాపురమంటే అరవడమే కష్టమనుకుంటారు అందరూ. అది కాదు. చిన్న చిన్న మాటలు ఆగిపోతాయి. దారిలో ఎవరో రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులేసుకుని పోతుంటే చూశామనుకోండి, ఇంటికొచ్చి చెప్పాలనిపిస్తుంది. కానీ గొంతు చించుకుని చెప్పేంత సంగతా అది? కాదు. అందుకని చెప్పం. చెప్పక చెప్పక, కొన్నాళ్లకి అలాంటివి కంటికి ఆనడం కూడా మానేస్తాయి.

నేను ఒక హోటల్లో దుప్పట్లు, దిండు గలీబులు ఇస్త్రీ చేస్తాను. ఓసారి వేడి ఇస్త్రీపెట్టె అంచు మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాను. పక్కన పని చేసే పొట్టక్క చూసి చెయ్యి లాగేదాకా నాకు తెలియలేదు. అందరికీ ఆవిడ పొట్టక్కే. బల్ల అందదని పీట వేసుకుని నిలబడుతుంది.

"ఏ లోకంలో ఉన్నావే తల్లీ?" అంది.

ఈ లోకంలోనే ఉన్నాను. మొద్దుబారిపోయి ఉన్నాను, అంతే.

ఒకరోజు నేను పని నుంచి వచ్చేసరికి మా ఆయన ఏదో కేటలాగు ముందేసుకుని కూర్చున్నారు. పెళ్లికి ముందు ఆయన స్నేహితులతో కలిసి గిటారు వాయించేవారని నాకు తెలుసు. ఆ తర్వాత ఎప్పుడూ ముట్టుకోలేదు.

"ఇదిగో, ఇది తెప్పిద్దామనుకుంటున్నా. ఎలక్ట్రిక్ గిటారు. స్పీకర్ పెట్టె కూడా పంపిస్తారట, పోస్టులో," అన్నారు. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకి తెలియదు. కింద తాళాలాయన కూడా వినే ఉంటాడు.

"కొట్టుకెళ్లి, చేత్తో పట్టుకుని, వాయించి చూసుకుని కొనుక్కోవాలి గానీ," అన్నాను, పెదాలు బాగా కదుపుతూ. "ఇలాంటివి పోస్టులో తెప్పించుకుంటారా ఎవరైనా?"

ఆయన నవ్వారు. "వాయించి చూస్తే మాత్రం నేనేం వింటాను? అది మోగక్కర్లేదు. పొట్టకి ఆనించుకుంటే అదిరితే చాలు."

నిజమే కదా అనిపించింది. సరే అన్నాను. ఎవరేమడిగినా అప్పట్లో నా నోట్లోంచి వచ్చే మాట అదే.

పార్శిల్ వచ్చింది. అట్టపెట్టె కోయగానే కొత్త చెక్క వాసన గానీ రంగు వాసన గానీ రాలేదు. జబ్బుమనిషిని చాలాకాలం పడుకోబెట్టిన గది తలుపు తీస్తే వస్తుందే, అలాంటి వాసన వచ్చింది. గిటారు మాత్రం పాలమీగడ రంగులో, ముందువైపు అద్దంలా ఉంది. వెనక్కి తిప్పితే మధ్యలో మెరుగంతా చెరిగిపోయి చెక్క బయటపడింది. ఎవరి పొట్టకో ఏళ్ల తరబడి రాసుకుని అరిగినట్టుంది.

"కొత్తదన్నారు కదా?" అన్నాను.

ఆయన నా పెదాల వైపు చూడలేదు. అప్పటికే స్పీకర్ పెట్టెకి ప్లగ్గు పెట్టేసి, కుర్చీలో కూర్చుని గిటారు ఒళ్లోకి తీసుకున్నారు. ఒక్కసారి తీగల మీద చెయ్యి ఆడించారు. ఆయన ముఖం మారిపోయింది. నన్ను రమ్మని సైగ చేసి, నా అరచెయ్యి తీసుకుని ఆ చెక్క మీద పెట్టారు. లోపల ఏదో జంతువు గుర్రు పెడుతున్నట్టు అదురుతోంది.

"ఎలా ఉంది?"

"బాగుంది," అన్నాను. తీగలు శ్రుతిలో లేవు. ఒకదానికొకటి పొసగక కొట్టుకుంటున్నాయి. అయినా ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ఇంకేమంటాం?

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆయన వాయించి వాయించి, అరచెయ్యి తీగల మీద ఆనించి ఆపారు. మోత సన్నబడింది... ఇంకా సన్నబడింది... పూర్తిగా పోవాలి. పోలేదు. దాని అడుగున ఇంకోటి ఉంది. గాలి లోపలికి... బయటికి... మళ్లీ లోపలికి. గొంతులో కఫం అడ్డుపడిన మనిషి ఊపిరిలా ఉంది.

ఆయన గిటారు తుడుచుకుంటూ ఏదో చెబుతున్నారు. నేను స్పీకర్ పెట్టె వైపు చూస్తూ నిలబడ్డాను.

తాళాలాయన్ని అడిగితే తేలిగ్గా తీసేశాడు. "ఆ పెట్టెలు గాల్లో పోయే మాటలన్నీ పట్టేస్తాయమ్మా. మా బావమరిది దగ్గరున్న దాంట్లో పోలీసుల మాటలు వినిపించేవి. వాడు హడలిపోయి తాగుడు మానేశాడు. పెట్టె పాడైపోయాక మళ్లీ మొదలెట్టాడనుకోండి."

అంతేనేమో అనుకున్నాను. మర్నాడు సాయంత్రం అది మాట్లాడింది.

"ఎవరు... ఉన్నారక్కడ?"

ఆడగొంతో మగగొంతో తెలియలేదు. గుసగుస. ఆయన వాయిస్తూనే ఉన్నారు. ఆ మోత కింద నుంచి, గడప కింద సందులోంచి వచ్చినట్టు వచ్చింది. నేను ఊడవాలన్న వంకతో వెళ్లి ప్లగ్గు పీకేశాను. పెట్టె మీద ఎర్ర దీపం ఆరిపోయింది. తీగల మోత ఆగింది.

"విన్నావు," అంది అది.

నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. భయం మాత్రం లోపలికి రాలేదు. ఎవరో పక్కింటి తలుపు కొడుతుంటే మనం వింటాం చూడండి, అలా ఉంది. చీపురు మూల పెట్టి వంటగదిలోకి వెళ్లిపోయాను.

మా ఆయనకి చెప్పలేదు. ఏమని చెప్పను? ఆ గిటారు వచ్చాకే ఆయన గడ్డం గీసుకుంటున్నారు, అన్నం అడిగి పెట్టించుకుంటున్నారు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఆయన గిటారు పొట్టమీద పెట్టుకుని కుర్చీలోనే కునుకు తీశారు. దీపం వెయ్యాలని లేచాను. పెట్టెలోంచి ఆ ఊపిరి... దగ్గరగా. చాలా దగ్గరగా.

"ఆయనకి... వినిపించనా?"

నేను స్విచ్చు మీద చెయ్యి పెట్టి ఆగిపోయాను. వాన కిటికీ మీద కొడుతోంది.

"వినిపించనా?"

"సరే," అన్నాను.

అలవాటుగా వచ్చేసింది. దేనికి సరే అన్నానో ఆలోచించలేదు. ఏం తీసుకుంటావని అడగలేదు. ఊపిరి ఆగిపోయింది. అన్నాళ్లూ అది గదిలో ఉంటే వెయ్యని భయం, అది ఆగిపోయాక వేసింది. దీపం వేసి, ఆయన పక్కనే నేలమీద కూర్చున్నాను.

పొద్దున్న ఆయన మంచం మీద నుంచే అన్నారు, "ఆ కుళాయి కాస్త కట్టెయ్యవా?"

వంటగదిలో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది.

నేను చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన లేచి కూర్చున్నారు. ముందు కుళాయి వైపు చూశారు, తర్వాత నా వైపు. "ఏదీ, ఏదైనా మాట్లాడు," అన్నారు, మెల్లగా. ఎన్నేళ్లకో అంత మెల్లగా మాట్లాడారు.

"ఏం మాట్లాడను?"

"నీ గొంతు ఇంత బొంగురుగా ఉండేదా?"

"మీ మీద అరిచి అరిచి ఇలా అయింది."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయన ఏడ్చారు. డాక్టరు దగ్గరికి వెళ్తే, రెండు చెవుల్లోకీ దీపం వేసి చూసి, అప్పుడప్పుడూ ఇలా జరుగుతుందన్నాడు. ఆ డాక్టరు ముఖం చూస్తే ఎప్పుడూ జరగదని తెలిసిపోయింది.

ఆ రోజులు బాగున్నాయి. చెప్పకపోతే అబద్ధమవుతుంది. పొట్టక్క పీట విరిగి దుప్పట్ల గంపలో పడిన సంగతి, మేనేజరు చొక్కా జేబులో కట్టుడు పళ్లు దొరికిన సంగతి, అన్నీ చెప్పాను. ఆయన వింటూ పడీపడీ నవ్వేవారు. చెబుతుంటే ఇంకా గుర్తొచ్చేవి. గిటారు ఒకసారి వాయించి చూసి ముఖం చిట్లించారు. "ఇంత ఘోరంగా వాయించానా ఇన్నాళ్లూ? చెప్పొచ్చు కదా!" అని దాన్ని గోడకి ఆనించేశారు.

నాకు మొదట పోయింది ఆవిరి చప్పుడు. ఇస్త్రీ గదిలో గొట్టం తిప్పితే పెద్ద పాములా బుస కొడుతుంది. తిప్పాను. తెల్లటి ఆవిరి వచ్చింది, చప్పుడు రాలేదు. గొట్టం పాడైందని పొట్టక్కతో అన్నాను. ఆవిడ నా వైపు వింతగా చూసింది.

చూస్తుండగానే నాకు అర్థమైంది. భోజనాల వేళ హోటల్ ఫోను నుంచి గిటారు పంపినవాళ్లకి ఫోన్ చేశాను. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"అది వెనక్కి పంపేస్తాం," అన్నాను.

"పంపండి. అది ఎప్పుడూ వెనక్కి వస్తూనే ఉంటుంది. తుడిచి మళ్లీ పంపుతాం."

"అందరూ ఎందుకు వెనక్కి పంపేస్తారు?"

"వినపడటం లేదంటారండీ. మేం వాయిస్తే బాగానే మోగుతుంది. కొన్నవాళ్లు మాత్రం అందరూ అదే మాట..."

తర్వాత కూడా ఏదో చెబుతోంది. దూరంగా నడుచుకుంటూ పోతూ మాట్లాడుతున్నట్టుంది. ఫోను రెండో చెవికి మార్చుకున్నాను. అక్కడా అంతే. కాసేపటికి ఫోను చేతిలో ఉందన్న బరువు తప్ప ఇంకేమీ లేదు.

ఇంటికొచ్చి దాచాలని చూశాను. కుదరదు కదా. ఆయన వెనక నుంచి పిలిచారట, రెండుసార్లు. నేను కూర తరుగుతూనే ఉన్నాను. భుజం పట్టి తిప్పారు. ఆ పెదాలు ఎలా కదిలాయో చూసి, ఏమడుగుతున్నారో తెలుసుకున్నాను. ఇన్నేళ్లూ ఆయన కోసం మాటల్ని పెదాల మీద పెట్టింది నేనే. ఏ మాట ఏ ఆకారంలో ఉంటుందో నాకు తెలుసు.

అంతా చెప్పాను. ఊపిరి, గుసగుస, నేనన్న సరే. అరుస్తూ చెప్పానో ఏమో తెలియదు. ఆయన చెవులు మూసుకున్నారు, తర్వాత నా చేతులు పట్టుకుని వాటికి తన నుదురు ఆనించారు.

చెవులు పోయాక నేల తెలియడం మొదలైంది. తాళాలాయన మెట్లెక్కి వస్తే అరికాళ్లకి తెలిసేది. మా ఆయన గదిలో తిరిగితే, ఏ పక్కకి తిరుగుతున్నారో చూడకుండానే తెలిసేది.

అంతా చెప్పిన మర్నాడు ఆయన గిటారు పార్శిల్ చేస్తారనుకున్నాను. చెయ్యలేదు. మధ్యాహ్నం పెట్టె ముందు నేలమీద కూర్చుని, గిటారు ఒళ్లో పెట్టుకున్నారు. ప్లగ్గు పెట్టలేదు. తీగలు ముట్టుకోలేదు. వంగి, చెవి పెట్టెకి ఆనించారు.

నేను వంటగదికి వీపు పెట్టి, ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. కిటికీ నిండా ఎండ ఉంది. గదిలో ప్రతి వస్తువూ స్పష్టంగా కనిపిస్తోంది. ఒక్క శబ్దం లేదు.

ఆయన పెదాలు కదిలాయి. "తనది తనకి ఇచ్చెయ్."

విన్నారు. తల అడ్డంగా ఊపారు. "నాది తీసుకో."

మళ్లీ విన్నారు. చాలాసేపు విన్నారు. దవడ బిగుసుకుంది. ఏదో అడిగిందని తెలుస్తోంది. ఏం అడిగిందో నాకెలా తెలుస్తుంది?

"ఇంకెవరూ లేరు," అన్నారు ఆయన. "ఇంట్లో మేమిద్దరమే."

విన్నారు.

అప్పుడు మెల్లగా తల ఎత్తారు. నన్ను చూడలేదు. నా భుజం మీదుగా, నా వెనక్కి చూశారు. ఆయన ముఖంలో రంగు దిగిపోవడం చూశాను. చూపు అక్కడే ఉంచి, మళ్లీ పెట్టె వైపు వంగారు. పెదాలు కదిలాయి. ఈసారి మాట చాలా చిన్నది.

"ఎప్పటినుంచి?"

నేను వెనక్కి తిరగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన నా ఎదురుగా నేలమీద కదలకుండా ఉన్నారు. తాళాల కొట్టు ఆ రోజు మూసి ఉంది.

నా అరికాళ్ల కింద చెక్క కొద్దిగా అదిరింది. ఆగింది. ఇంకొంచెం దగ్గరగా, మళ్లీ అదిరింది.